విజయనగరం వీధిలో ట్రామ్: హెచ్‌ఓ స్కేల్ నమూనా కట్టి, సాఫీగా నడిపించే దాకా

విజయనగరంలో ట్రామ్ ఎన్నడూ నడవలేదు. తెలుగువాళ్లకు తెలిసిన కరెంటు ట్రామ్ మద్రాసుది. 1895లో మొదలై 1953లో ఆగిపోయింది. మనవైపు నుంచి రైలెక్కితే తేలిగ్గా చూడగలిగింది కలకత్తా ట్రామ్. అయినా మూడు లాంతర్ల కూడలి నుంచి కోట వరకు ఉన్న దారిని చూస్తే, ఇక్కడ ట్రామ్ ఉంటే ఎంత బాగుండేదో అనిపించక మానదు. నమూనా కట్టేవాడికి ఆ ఊహ చాలు. ఈ మార్గదర్శి ఆరడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు బల్ల మీద, చేత్తో వేసిన పట్టాలతో, తీగతో సహా ఒక ట్రామ్ వీధి కట్టడానికి.

మొదలుపెట్టే ముందు ఒక సంగతి మనసులో పెట్టుకోండి. రైలు నమూనాలో పట్టా పైకి కనిపిస్తూ ఉంటుంది, ఎక్కడ తేడా వచ్చినా తీసి సరిచేయొచ్చు. ట్రామ్ పట్టా రోడ్డులో కూరుకుపోయి ఉంటుంది. రోడ్డు వేశాక పట్టా చేతికి దొరకదు. అందుకే ఇక్కడి ప్రతి అంచె రోడ్డు వేయడాన్ని వీలైనంత వెనక్కి నెడుతుంది. రంగు, ఇళ్లు, చెట్లు చూడాలన్న ఆత్రం ఎంత ఉన్నా సరే.

స్కేలు, కొలతలు

హెచ్‌ఓ స్కేలు అంటే 1:87, అసలు కొలతలో 87వ వంతు. కలకత్తా ట్రామ్ గేజి, అంటే రెండు పట్టాల మధ్య దూరం, 1435 మిల్లీమీటర్లు, 87తో భాగిస్తే 16.5. హెచ్‌ఓ పట్టా గేజి సరిగ్గా అదే, కాబట్టి ఎక్కడా రాజీ పడక్కర్లేదు. మనకు అడుగుల లెక్క అలవాటు గనుక ఇంకా సులువైన సూత్రం ఉంది: అసలు అడుగుకు నమూనాలో మూడున్నర మిల్లీమీటర్లు. ఏడడుగుల తలుపు 24.5 మి.మీ., రెండడుగుల అరుగు 7 మి.మీ., అయిదున్నర అడుగుల మనిషి 19 మి.మీ. ఈ లెక్క నోటికొస్తే సగం పని తేలికవుతుంది.

స్కేలు ఎక్కడ లొంగదో కూడా చెప్పాలి. 1713లో పునాది పడిన కోట ఒక్కో పక్క సుమారు 240 మీటర్లు. స్కేలుకు కుదించినా 2.76 మీటర్లు వస్తుంది, అంటే బల్ల కంటే పెద్దది. కాబట్టి కోట మొత్తం కట్టకండి. సింహద్వారం, దానికి రెండు పక్కలా జానెడు గోడ బల్ల వెనక అంచున పెడితే చాలు, మిగతా కోటను చూసేవాడి కన్నే పూరిస్తుంది.

దారి గీత

మొదటి నమూనాకు అన్నిటికంటే మంచి ఆకారం డంబెల్. బల్ల రెండు చివర్లా గుండ్రటి మలుపులు, మధ్యలో పక్కపక్కనే రెండు పట్టాల జతలు. చూడడానికి రాకపోకల జంట దారిలా ఉంటుంది, నిజానికి అది నొక్కిన ఒకే చుట్టు. దీనివల్ల రెండు లాభాలు. పాయింట్లు (బండిని ఒక దారి నుంచి ఇంకో దారికి మళ్లించే కదిలే పట్టాలు) ఒక్కటి కూడా అక్కర్లేదు. కరెంటు ధ్రువాలు ఎక్కడా తారుమారు కావు. మధ్యలో ఒక జత నుంచి రెండో జతకు అడ్డదారి కలపాలని చాలామందికి అనిపిస్తుంది. కలిపారంటే అక్కడికక్కడే షార్ట్ అవుతుంది, ఎందుకంటే అడ్డదారి ఒక జత బయటి పట్టాను రెండో జత లోపలి పట్టాతో, అంటే ఎదురు ధ్రువంతో కలుపుతుంది.

1830 × 610 మి.మీ. బల్లకు కొలతలు ఇవి. మలుపు వ్యాసార్ధం పట్టాల జత మధ్యగీతకు 200 మి.మీ. అసలు లెక్కలో అది 17.4 మీటర్లు, ఊరి వీధుల్లో ట్రామ్‌లు తిరిగే మలుపులకు దగ్గరగానే ఉంటుంది. మధ్యలో రెండు జతల మధ్యగీతల నడుమ దూరం 45 మి.మీ.

గీయడం ఇలా:

1. బల్ల అంత కాగితం పరిచి పొడవునా నట్టనడుమ గీత గీయండి.
2. రెండు చివర్ల నుంచి 260 మి.మీ. లోపల ఆ గీత మీద చుక్క పెట్టండి. ఇవి గుండ్రటి మలుపుల కేంద్రాలు. అంచు నుంచి 60 మి.మీ. ఖాళీ మిగులుతుంది.
3. ప్రతి కేంద్రం నుంచి బల్ల మధ్యవైపు 332 మి.మీ. జరిగి, అక్కడ నడిగీతకు రెండు పక్కలా 222.5 మి.మీ. దూరంలో చుక్కలు పెట్టండి. ఇవి ఎదురు వంపుల కేంద్రాలు.
4. అన్నీ 200 మి.మీ. వ్యాసార్ధంతో గీయండి. గుండ్రటి మలుపు, ఎదురు వంపు ఒక్క చోట ముద్దాడినట్టు కలవాలి. కలవకుండా ఒకదాన్నొకటి కోసుకుంటే కొలత ఎక్కడో తప్పింది.
5. మధ్యలో మిగిలే తిన్నటి భాగం సుమారు 646 మి.మీ. వస్తుంది.

చుట్టు మొత్తం పొడవు 4.1 మీటర్లు. ఈ అంకె గుర్తుంచుకోండి, చివర్లో వేగం సరిచూసుకోవడానికి పనికొస్తుంది.

మన దేశంలో బండి ఎడమ పక్క నడుస్తుంది. పైనుంచి చూస్తే ఈ చుట్టులో ట్రామ్ గడియారం ముల్లు తిరిగినట్టు తిరగాలి, అప్పుడే తిన్నటి వీధిలో ఎడమ వాటం నిలుస్తుంది. అమెరికా నమూనా బండి కొంటే తలుపులు కుడి పక్క ఉంటాయి, జనం వీధి నడిమధ్యలోకి దిగాల్సి వస్తుంది. తలుపు వైపు చూసుకుని కొనండి, లేదా పెట్టె మీద ఎడమవైపు తలుపు కోసుకోండి.

బల్ల

ప్లైవుడ్ 12 మి.మీ. మందం, ఐఎస్ 710 ముద్ర ఉన్న మెరైన్ రకం తీసుకోండి. ఎనిమిదడుగుల షీటు కొంటే ఆరడుగులు బల్లకు, మిగతాది ఇళ్లకు, అచ్చులకు సరిపోతుంది. మామూలు ప్లై ధర తక్కువే, కానీ తీరపు తేమకు శ్రావణం, భాద్రపదాల్లో ఉబ్బి అంచులు విచ్చుతుంది. పట్టా ఒక్క మిల్లీమీటరు లేచినా ట్రామ్ బోగీ (బండి కింది చక్రాల చట్రం) ఒక చక్రాన్ని గాల్లో పెట్టుకుని నడుస్తుంది. కింద 50 × 25 మి.మీ. ఎండిన టేకు రీపర్లతో చట్రం, అడుగున్నరకు ఒక అడ్డపట్టె. రీపరు పచ్చిదైతే ఆరే కొద్దీ మెలి తిరుగుతుంది. కొన్న రీపర్లు ఇంట్లో నెల్లాళ్లు పడుండనిచ్చి అప్పుడు కోయండి. కోసిన అంచులన్నిటికీ, అడుగుకు కూడా, రెండు పూతలు ఎనామిల్ వేయండి. పైన మాత్రం వేసి అడుగు వదిలేస్తే తేమ ఒక పక్క నుంచే ఎక్కి బల్ల విల్లులా వంగుతుంది.

సరుకు

పట్టా: నికెల్ సిల్వర్, కోడ్ 100, ఒక్కోటి 914 మి.మీ. పొడవు, 12 ముక్కలు. కోడ్ 100 అంటే ఎత్తు 0.100 అంగుళం, 2.54 మి.మీ. రోడ్డు మందానికి ఈ ఎత్తు బాగా కుదురుతుంది. ఇత్తడి పట్టా చవక, కానీ సముద్రపు గాలికి నల్లబడి ప్రతి వారం తుడిపించుకుంటుంది. దాని జోలికి పోకండి.

స్లీపర్లు (పట్టాల కింద అడ్డంగా పెట్టే పుల్లలు): ఎలక్ట్రానిక్స్ షాపులో దొరికే రాగి పొర ఉన్న సర్క్యూట్ బోర్డు, ఒక పక్క రాగి, 1.6 మి.మీ. మందం, 300 × 150 మి.మీ. ముక్క ఒకటి. దాన్ని 4 × 30 మి.మీ. పుల్లలుగా కోస్తే రంపం తినేది పోగా 250కి పైగా వస్తాయి. మలుపుల్లో 20 మి.మీ.కి ఒకటి, తిన్నటి చోట 30కి ఒకటి చొప్పున 185 దాకా పడతాయి.

తీగ స్తంభాలు: సైకిల్ స్పోకు పుల్లలు, 14 గేజి, నిప్పిళ్లతో సహా 16. ఎందుకో కింద చెబుతాం.

ఇవి కాక 2 మి.మీ. సన్‌బోర్డు (ఫ్లెక్సీలు, బోర్డులు చేసే షాపులో తుక్కు ముక్కలే చాలు), 1.5 మి.మీ. అక్రిలిక్ షీటు ముక్కలు, మోటారు వైండింగ్ షాపు నుంచి 28, 30 గేజి రాగి తీగ, ఒక చదరపు మి.మీ. ఇంటి వైరు ఎరుపు, నలుపు రంగుల్లో మూడేసి మీటర్లు, పాత ల్యాన్ కేబులు ఒక మీటరు. పనిముట్లలో 35 నుంచి 40 వాట్ల సోల్డరింగ్ ఐరన్, మల్టీమీటరు, వెర్నియర్ క్యాలిపర్, సన్న ఆకురాయి, హ్యాక్సా బ్లేడు. క్యాలిపర్ లేకుండా ఈ పని మొదలెట్టకండి. ఇక్కడ గెలుపోటములన్నీ అర మిల్లీమీటరు లోపలే తేలతాయి.

పట్టా వేయడం

రెడీమేడ్ ఫ్లెక్సీ పట్టాను (కావలసినట్టు వంగేలా తయారై వచ్చే పట్టా) 200 మి.మీ. వ్యాసార్ధానికి వంచొచ్చు గానీ, అతుకుల దగ్గర అది మొండికేసి కోణంగా నిలుస్తుంది. చేత్తో సోల్డర్ చేసిన పట్టాకు ఆ బెడద లేదు.

ముందుగా ప్రతి స్లీపరు నడుమ రాగి పొరను ఆకురాయి అంచుతో గీరి తెంపండి, రెండు పట్టాలూ షార్ట్ కాకుండా. తెగిందో లేదో మల్టీమీటరు బీప్‌తో ఒక్కొక్కటే చూడండి. రెండు వందల స్లీపర్లలో ఒక్కటి తెగకపోయినా తర్వాత దాన్ని వెతకడానికి ఒక రోజు పోతుంది. తెగిన స్లీపర్లను ప్లాను కాగితం మీద వాటి స్థానాల్లో, ఆ కాగితంతో సహా బల్లకు ఫెవికాల్‌తో అంటించండి. ఒక రాత్రి బరువు పెట్టి ఉంచండి.

వంపు పట్టాలకు ప్లైవుడ్ తుక్కులో 170 మి.మీ. వ్యాసార్ధపు గుండ్రటి చక్రం కోసుకోండి. పట్టా దాని చుట్టూ వంచి వదిలితే స్ప్రింగులా కొంత తెరుచుకుని 200కి దగ్గరగా వస్తుంది. పట్టా చివరి 20 మి.మీ. మాత్రం ఎంత వంచినా వంగదు, తిన్నగానే ఉండిపోతుంది. ఆ ముక్క కోసి పారేయండి. దాన్ని అలాగే అతుకులో పెట్టడమే మలుపులో బండి దూకడానికి అన్నిటికంటే పెద్ద కారణం. గుండ్రటి మలుపులో బయటి పట్టా పొడవు 1060 మి.మీ. దాటుతుంది కాబట్టి అక్కడ ఒక అతుకు తప్పదు. బయటి అతుకు, లోపలి అతుకు ఎదురెదురుగా రాకుండా కనీసం 100 మి.మీ. ఎడం పెట్టి, అతుకు కింద రెండు స్లీపర్లు పక్కపక్కనే ఉంచండి. అతుకుల మధ్య అర మిల్లీమీటరు సందు వదలండి, వైశాఖపు ఎండకు పట్టా సాగడానికి చోటు కావాలి.

బయటి పట్టా ముందు సోల్డర్ చేయండి, పది స్లీపర్లకు ఒకటి చొప్పున. వరస బాగుందని కన్ను ఆనించి చూశాక మిగతావి. తర్వాత లోపలి పట్టా, గేజి ముక్క పెట్టి. గేజి ముక్కను అక్రిలిక్‌లో మీరే ఆకురాయితో అరగదీసి చేసుకోవచ్చు: తిన్నటి చోటికి 16.5, మలుపుకు 16.7 మి.మీ. ఆ 0.2 ఎందుకంటే, గట్టి మలుపులో బోగీ చక్రాలు కొంచెం వాలుగా నిలబడతాయి. సందు లేకపోతే బిగుసుకుని మోటారు మూలుగుతుంది. సోల్డర్ పట్టా బయటి పక్కనే వేయండి. లోపలి పక్క గుట్టలా నిలిస్తే చక్రం అంచు దాని మీదకెక్కి ఒక్కో స్లీపరు దగ్గరా టక్కుమంటుంది. ఎక్కడైనా పడితే వెంటనే గీరేయండి. చివర ఫ్లక్సు (సోల్డర్ అంటుకోవడానికి పూసేది) మిగలకుండా ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో బ్రష్ చేయండి.

కరెంటు

ఎరుపు, నలుపు ఇంటి వైర్లను బల్ల కింద పొడవునా పరిచి, ప్రతి పట్టా ముక్కకు ల్యాన్ కేబులులోని రాగి పోగుతో విడిగా కనెక్షన్ ఇవ్వండి. అతుకు ఫిష్‌ప్లేటు (రెండు పట్టా కొసలను కలిపే రేకు) కరెంటు మోస్తుందని నమ్మకండి. ఏడాది తిరిగేలోపు తేమకు తుప్పు పట్టి ఒక ముక్క చచ్చిపోతుంది, అప్పటికి రోడ్డు పడి ఉంటుంది.

సీసీ కెమెరాలకు వాడే 12 వోల్టులు, 2 ఆంపియర్ల అడాప్టరు, దానికి ఒక పీడబ్ల్యూఎం (కరెంటును వేగంగా ఆపి ఆపి ఇచ్చే) వేగ నియంత్రణ బోర్డు సరిపోతాయి. షార్ట్ కాపలాకు ఒక చిన్న ఉపాయం: అడాప్టరు నుంచి వచ్చే ఒక వైరు మధ్యలో మోటార్‌సైకిల్ ఇండికేటరు బల్బు, 12 వోల్టులు 10 వాట్లది, సిరీస్‌లో పెట్టండి. బండి మామూలుగా నడిచేటప్పుడు అది వెలగనట్టే ఉంటుంది. షార్ట్ అయిన క్షణం భగ్గున వెలిగి కరెంటును 0.8 ఆంపియర్ల దగ్గర ఆపుతుంది. ఫ్యూజు అయితే పోయి ఊరుకుంటుంది. బల్బు అయితే మీరు బండిని తోసుకుంటూ వెళ్తుంటే షార్ట్ ఎక్కడుందో వెలిగి చూపిస్తుంది కూడా.

రోడ్డు వేయకముందు పరీక్ష

ఇక్కడ తొందరపడినవాళ్లే తర్వాత రోడ్డు పగలగొట్టుకుంటారు. బండి కొనేముందు అది ఎంత గట్టి మలుపు తిరగగలదో చూసుకోండి, 200 మి.మీ. లోపు ఉండాలి. నాలుగు చక్రాల బ్రిల్ (పాత అమెరికా ట్రామ్ కంపెనీ) రకం బండికి సాధారణంగా ఇబ్బంది ఉండదు. రెండు బోగీల పొడుగు బండ్లను మాత్రం కాగితం ప్లాను మీద పెట్టి, మలుపులో ముక్కు ఎంత బయటికి వస్తుందో, నడుము ఎంత లోపలికి వాలుతుందో పెన్సిలుతో గీసి చూడండి. స్తంభాలు, ఇళ్ల అరుగులు ఆ గీతకు అయిదు మిల్లీమీటర్లు అవతలే ఉండాలి.

చక్రాల వెనక ముఖాల మధ్య దూరం క్యాలిపర్‌తో కొలవండి. 14.4 మి.మీ. చుట్టుపక్కల ఉండాలి. 14.2 దాకా పడిపోయి ఉంటే ఇరుసు మీద చక్రాన్ని మెల్లగా తిప్పుతూ బయటికి లాగండి. తర్వాత బండి బరువు. నమూనా రైళ్లవాళ్లు అమెరికా ప్రమాణం ప్రకారం ఒక ఔన్సు, ఆపైన పొడవు అంగుళానికి అర ఔన్సు చొప్పున లెక్కిస్తారు. ఆరంగుళాల ట్రామ్‌కు అది నాలుగు ఔన్సులు, సుమారు 113 గ్రాములు. తక్కువైతే టైర్ల షాపులో చక్రాల బ్యాలెన్సింగ్‌కు వాడే అంటుడు బిళ్లలు, అయిదేసి గ్రాములవి, నేలకు వీలైనంత దగ్గరగా, మోటారుకు రెండు పక్కలా సమానంగా అంటించండి. కప్పుకు అంటించిన బరువు మలుపులో బండిని పక్కకు తోస్తుంది.

ఇప్పుడు మధ్యస్థ వేగంలో అరగంట ఒకవైపు, అరగంట రెండోవైపు నడపండి. ఆ తర్వాత అతి నెమ్మదిగా. ఆగిన ప్రతి చోటా పెన్సిలుతో గుర్తు పెట్టండి. రెండు మూడు సార్లు ఒకే చోట ఆగితే తప్పు పట్టాది. చోట్లు మారుతూ ఆగితే తప్పు చక్రాలది. అతుకు దగ్గర ఎగిరితే పట్టా తలల ఎత్తు వేలి గోరుతో చూడండి. గోరుకు తగిలే మెట్టును చక్రం కూడా ఎక్కాల్సిందే. ఆకురాయితో తీసేయండి. మొత్తం అయిదు గంటలు ఎక్కడా ఆగకుండా, దిగకుండా నడిచాకే రోడ్డు.

రోడ్డు

పట్టాల మధ్య పరిచే పట్టీ ఈ పని మొత్తానికి ప్రాణం. చక్రాల వెనక ముఖాల మధ్య 14.4 కాబట్టి పట్టీ అంతకంటే సన్నంగా ఉండాలి: తిన్నటి చోట 13.9 మి.మీ., మలుపులో 13.5. పట్టాకు రెండు పక్కలా 1.3 నుంచి 1.6 మి.మీ. సందు మిగులుతుంది, అది అసలు ట్రామ్ పట్టా గాడిలాగే కనిపిస్తుంది. మలుపు పట్టీలను కంపాసు కట్టరుతో 193.2, 206.7 వ్యాసార్ధాలకు కోయండి.

మందం లెక్క: స్లీపరు పై నుంచి పట్టా తల 2.54 మి.మీ. ఎత్తు. 2 మి.మీ. సన్‌బోర్డు, దాని మీద రంగు, దుమ్ము పూత కలిపి 0.2. అంటే రోడ్డు పట్టా తల కంటే 0.3 మి.మీ. కిందే ఉంటుంది, ఉండాలి కూడా. పట్టాతో సమానంగా ఉంటే చూడ ముచ్చటగా ఉంటుందని చాలామంది నింపేస్తారు. చక్రం మొత్తం 2.8 మి.మీ. వెడల్పు, దాని నడిచే అంచు పట్టా తల కంటే బయటికి పొడుచుకుని ఉంటుంది. రోడ్డు ఉబ్బితే చక్రం రోడ్డు మీద నడుస్తుంది, పట్టాను తాకదు, బండి ఆగిపోతుంది. పైగా పట్టా తుడిచిన ప్రతిసారీ రోడ్డు రంగు లేచొస్తుంది.

మధ్య పట్టీని జిగురుతో అంటించకండి. సన్నటి రెండు వైపుల టేపు ముక్కలు వేలెడంతేసి దూరంలో చాలు, అవసరమైతే చాకు మొనతో ఎత్తి తీయొచ్చు. బయటి రోడ్డు మాత్రం శాశ్వతంగా అంటించొచ్చు. స్లీపర్ల చివరలు దాటాక ఎత్తు సమానం చేయడానికి కింద 1.5 మి.మీ. అక్రిలిక్ పరిచి, దాని మీద సన్‌బోర్డు. మామూలు అట్ట వాడితే వానాకాలానికి ఉబ్బి మొత్తం లెక్క చెడుతుంది.

ప్రతి పట్టీ పెట్టగానే బండి నడపండి. మొత్తం పెట్టాక నడిపితే ఏ పట్టీ తగులుతోందో కనిపెట్టలేరు. తగులుతోందని అనుమానమైతే పట్టీ అంచుకు నల్ల మార్కరు పూసి నడిపితే చక్రం గీసిన చోట తెల్లగా తేలుతుంది.

రంగుకు నలుపు, తెలుపు, చెంచాడు ఇటుక రంగు కలిపిన అక్రిలిక్ బాగుంటుంది. విజయనగరం రోడ్డు పక్కలు నల్లగా ఉండవు, ఎర్రమట్టి దుమ్ము పులుముకుని ఉంటాయి. ఆ దుమ్మును టీ జాలీతో జల్లించి పలచని ఫెవికాల్ నీళ్ల మీద చల్లండి. ఇక్కడ మనవైపు వాళ్లకే వర్తించే గట్టి హెచ్చరిక ఒకటి ఉంది. భీమిలి నుంచి కళింగపట్నం, భావనపాడు దాకా తీరం ఇసుకలో ఇల్మెనైటు లాంటి నల్ల ఖనిజాలు ఉన్నాయి. ఆ నల్ల రేణువుల్లో అయస్కాంతానికి అంటుకునేవి మోటారులోకి చేరితే దాన్ని తినేస్తాయి. బీచి ఇసుక వాడకండి. నాగావళి, చంపావతి ఇసుకైనా, పెరటి మట్టైనా కాగితం మీద పలచగా పరిచి, అయస్కాంతాన్ని ప్లాస్టిక్ సంచిలో చుట్టి మూడు సార్లు తిప్పండి. నల్లపొడి అంటడం ఆగేదాకా వాడొద్దు.

స్తంభాలు, తీగ

అసలు తీగ స్తంభం లావు 15 నుంచి 20 సెంటీమీటర్లు ఉంటుంది. 14 గేజి స్పోకు 2 మి.మీ., స్కేలుకు 17 సెంటీమీటర్ల పైమాటే. పైగా దాని కింద మర, ఆ మరకు నిప్పిలు. స్తంభం ఎత్తు 75 మి.మీ. బయటికి, బల్ల లోపలికి 16 మి.మీ. వచ్చేలా మర ఉన్న వైపు కిందికి ఉంచి కోయండి. వీధి మట్టానికి చిన్న ఇత్తడి వాషరు సోల్డర్ చేస్తే అది మెడలా నిలుస్తుంది. బల్లకు పై నుంచి 2.2 మి.మీ. రంధ్రం, కింది నుంచి 4.2 మి.మీ. వెడల్పుతో సగం లోతు. స్పోకు పై నుంచి దించి కింద నిప్పిలు బిగిస్తే స్తంభం కదలదు, విరిగినా నిమిషంలో మార్చొచ్చు. స్పోకు ఉక్కుది గనుక గరుకు కాగితంతో రుద్ది, జింక్ క్లోరైడు ఫ్లక్సు వాడాలి. వెంటనే నీళ్లతో కడిగి తుడవకపోతే మర్నాటికే తుప్పు పొడ చూపుతుంది.

స్తంభాలను నిట్టనిలువుగా పెట్టకండి. వీధికి అవతలివైపు రవ్వంత వాల్చండి, తీగ బిగువుకు నిటారుగా వస్తాయి. తిన్నటి వీధిలో రెండు పక్కలా జతలుగా 320 మి.మీ.కి ఒకటి. అడ్డ తీగకు 30 గేజి, ట్రామ్ తీగకు 28 గేజి. రాగి మెత్తన, అలాగే కడితే వేలాడుతుంది. ఒక కొస వైసులో బిగించి, రెండో కొస పటకారుతో పట్టి, తీగ కాస్త సాగిన అనుభూతి చేతికి తగిలేదాకా లాగండి. తిన్నబడుతుంది, గట్టిపడుతుంది కూడా. పట్టా తల నుంచి తీగ ఎత్తు 63 మి.మీ.

మలుపులో తీగ పట్టాకు నడిమధ్యన ఉండకూడదు. ట్రాలీ కడ్డీ (బండి కప్పు మీంచి తీగను అందుకునే కడ్డీ) బండి నడుము నుంచి వెనక్కి చాచి ఉంటుంది. కడ్డీ కొన తీగకు వరసగా నిలవాలంటే తీగ మలుపు లోపలికి జరగాలి. పైనుంచి చూస్తే కడ్డీ పొడవు 70 మి.మీ., మలుపు 200 అయితే తీగ వ్యాసార్ధం 187, అంటే సుమారు 13 మి.మీ. లోపలికి. కొన పక్కలకు తిరిగే రకమైతే అందులో కొంత తగ్గించొచ్చు. తీగ గుండ్రంగా వంగదు, ముక్కముక్కలుగా కోణాలు తిరుగుతుంది కాబట్టి 70 మి.మీ.కి ఒక లాగుడు తీగ కట్టండి. అప్పుడు వంపు నుంచి తేడా మూడున్నర మిల్లీమీటర్లకు మించదు. అన్నిటికీ స్తంభాలు అక్కర్లేదు. చుట్టూ అయిదు స్తంభాల నుంచి మూడేసి లాగుడు తీగలు విసనకర్ర పుల్లల్లా తీస్తే సరిపోతుంది. తిన్నటి వీధిలో కొందరు రైలు తీగలా అటూ ఇటూ వంకర తిప్పుతారు. అది పాంటోగ్రాఫ్ (రైలింజను కప్పు మీద తీగను తాకే చట్రం) ఒకే చోట అరగకుండా చేసే ఏర్పాటు, ట్రాలీ కడ్డీకి తిన్నటి తీగే కావాలి.

మొదటి నమూనాకు తీగలో కరెంటు వద్దు, చూపుకే ఉంచండి. తర్వాత మలుపుల మధ్య అడ్డదారులు, ఒంటి దారులు కావాలనుకున్నప్పుడు తీగకు ఒక ధ్రువం, రెండు పట్టాలకూ కలిపి రెండో ధ్రువం ఇస్తే తిరుగు మలుపుల షార్ట్ సమస్యే ఉండదు. అసలు ట్రామ్‌లు నడిచేది అలాగే. ఆ ఉద్దేశం ఉంటే వైండింగ్ తీగ మీది ఎనామిల్ పొరను ఇప్పుడే గీరేయండి.

కడ్డీ స్ప్రింగు బిగువు సరిచూడడానికి తీగను వేలితో 5 మి.మీ. ఎత్తి, దించి చూడండి. కొన వెంటబడి రావాలి, కానీ ఊరికే ఉన్నప్పుడు తీగను పైకి తోసి గూనిలా కనిపించకూడదు. బిగువు ఎక్కువైతే తేలికపాటి బండి ముందు బోగీ మీద బరువు తగ్గి మలుపులో పట్టా దిగుతుంది.

వీధి

ఇళ్లు త్వరగా చెప్పేస్తాం, ఎందుకంటే ఇందులో ఎవరి కన్ను వారిదే. గోడలకు సన్‌బోర్డు, పెంకుకు పెన్సిలు మీద చుట్టి ఆరబెట్టిన సన్న కాగితపు గొట్టాలను నిలువుగా చీల్చి వరసలు పేర్చడం. గంటస్తంభం కొలతలకు ఎదుట ఒక మనిషిని నిలబెట్టి దూరం నుంచి ఫొటో తీయండి. ఫొటోలో మనిషి ఎత్తుకు స్తంభం ఎన్ని రెట్లో లెక్కించి 19 మి.మీ.తో హెచ్చవేస్తే చాలు. ఎండు గడ్డికి బజారులో దొరికే పొడుల కంటే మన గోగునారే మేలు: సన్నగా దువ్వి, రెండు మి.మీ. ముక్కలుగా కత్తిరించి, గుంపులుగా నిలబెట్టండి. ఉత్తరాంధ్ర గట్ల మీద ఎండాకాలపు రంగు దానికి పుట్టుకతోనే ఉంది.

పైడితల్లి అమ్మవారి పండుగ చూపించాలనుకుంటే ముందే ఆలోచించాలి. చదురుగుడి నుంచి కోట వరకు సిరిమాను (పూజారిని కొసన ఎత్తున కూర్చోబెట్టి ఊరేగించే పొడవాటి మాను) మూడు సార్లు తిరుగుతుంది, ఆ ఎత్తుకు 63 మి.మీ. తీగ అడ్డం. తిన్నటి భాగంలో తీగను రెండు చోట్ల తెంపి, సన్నటి ఇత్తడి గొట్టం ముక్కల్లో దూర్చి కలిపేలా చేసుకుంటే పండుగ వేళ ఆ ముక్క తీసి పక్కన పెట్టొచ్చు. ట్రామ్‌ను ఆ పూట కోట దగ్గరి మలుపులో ఆపేయండి.

నడక సరిచేయడం

వీధిలో ట్రామ్ గంటకు 20 కిలోమీటర్లు నడుస్తుందనుకుంటే, స్కేలుకు సెకనుకు 64 మి.మీ. 4.1 మీటర్ల చుట్టుకు 64 సెకన్లు పట్టాలి. ఫోనులో స్టాప్‌వాచ్ పెట్టి చూడండి. మొదట్లో చాలామంది బండ్లు ఇరవై సెకన్లలో చుట్టేస్తాయి, అది గంటకు 64 కిలోమీటర్లు. నియంత్రణ పిడి మీద 64 సెకన్ల చోటుకు రంగు చుక్క పెట్టుకోండి. ఆ వేగంలో కుదుపు లేకుండా నడవకపోతే కారణాలు ఈ వరసలో వెతకండి: పట్టా మురికి, చక్రాల మురికి, కరెంటు అందుకునే రేకులు చక్రానికి తాకకపోవడం, గేర్లలో వెంట్రుక, చివరగా మోటారు. మోటారును అనుమానించేవాళ్లే ఎక్కువ, తప్పు దానిది అరుదుగా ఉంటుంది.

తుడవడానికి ఐసోప్రొపైల్ ఆల్కహాల్, పాత పంచె ముక్క. చేతుల శానిటైజరు వాడొద్దు, అందులో గ్లిసరిన్ పట్టా మీద జిడ్డు పొరగా మిగిలి దుమ్మును పిలుస్తుంది. గరుకు కాగితం అసలే వద్దు, గీతల్లో మురికి పేరుకుంటుంది. తుడిచాక 4బి పెన్సిలు సీసాన్ని పట్టా తల లోపలి అంచు మీద ఒక్కసారి తేలిగ్గా గీస్తే కరెంటు అందడం మెరుగవుతుంది. ఎక్కువ గీస్తే చక్రాలు జారతాయి. నూనె చుక్క ఇరుసుకు గుండుసూది మొనంత మాత్రమే, అదీ ప్లాస్టిక్‌ను తినని రకం.

ఆశ్వయుజ, కార్తీకాల్లో తుఫాను కబురు వస్తే బండిని తీసి, అన్నం వండే బియ్యం కాకుండా సిలికా జెల్ పొట్లాలు వేసిన మూత డబ్బాలో పెట్టండి. బియ్యపు పిండి గేర్లలో చేరుతుంది. బల్ల మీద పాత దుప్పటి కప్పండి. ప్లాస్టిక్ షీటు కప్పితే లోపల చెమ్మ పట్టి, స్తంభాల స్పోకులే ముందు తుప్పెక్కుతాయి. వాన వెలిశాక నడిపే ముందు పట్టాలు తుడిచి, ఇండికేటరు బల్బు మీద కన్నుంచి కరెంటు ఇవ్వండి. బండి పెట్టకుండానే బల్బు మసకగా వెలిగితే ఎక్కడో తేమ రెండు పట్టాలను కలిపింది. ఆరేదాకా ఫ్యాను వేసి ఉంచండి.